‘కోర్టులో ఆపేస్తాం’: ఫోర్‌క్లోజర్ సేవలపై ఒక సమీక్ష

గత ఏడాది అమెరికాలో, టెక్సస్‌లో ఉన్న మా పెద్దనాన్నగారి అబ్బాయి ఇల్లు ఫోర్‌క్లోజర్‌లో, అంటే వాయిదాలు తప్పినందుకు తాకట్టులో ఉన్న ఇంటిని బ్యాంకు అమ్మించే ప్రక్రియలో, వేలం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఆ మూడు నెలల్లో ‘మీ ఫోర్‌క్లోజర్‌ను చట్టపరంగా ఆపుతాం’ అని చెప్పుకునే సంస్థలు ఐదింటితో నేను ఫోనులో మాట్లాడాను. వాటిలో మూడింటి ఒప్పంద పత్రాలను మొదటి పేజీ నుంచి చివరి సంతకం గీత వరకు చదివాను. ఒకదానికి అన్నయ్య అప్పటికే డబ్బు కట్టేసి ఉన్నాడు. నేను లాయరును కాను కాబట్టి దీన్ని న్యాయ సలహాగా తీసుకోకూడదు; డబ్బు పెట్టి కొనే ఒక సేవ గురించి, కొన్నవాళ్ల పక్కన కూర్చున్న మనిషి రాస్తున్న సమీక్షగానే చదవాలి. సంస్థల పేర్లు రాయడం లేదు. ఈ వ్యాపారంలో బోర్డు మీద పేరు తరచూ మారుతుంది, లోపలి పనితీరు మాత్రం మారదు.

ముందు ఒక విషయం స్పష్టంగా ఉండాలి, లేకపోతే ఈ సేవల్లో దేన్నీ తూకం వేయలేము. అమెరికాలో ఫోర్‌క్లోజర్‌కు రెండు దారులున్నాయి. న్యూజెర్సీ, న్యూయార్క్, ఫ్లోరిడా, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాల్లో బ్యాంకే కోర్టుకు వెళ్లి దావా వేయాలి, ఇంటి యజమాని దానికి గడువులోగా జవాబు దాఖలు చేసుకోవచ్చు. టెక్సస్, జార్జియాల్లోనూ, కాలిఫోర్నియాలో చాలావరకూ బ్యాంకు కోర్టు గడప తొక్కకుండానే, తాకట్టు దస్తావేజులో మనమే సంతకం పెట్టి ఇచ్చిన అధికారంతో, నోటీసులు పంపి ఇల్లు వేలం వేయించగలదు. టెక్సస్‌లో సొంతంగా కాపురముంటున్న ఇల్లయితే బకాయి తీర్చుకోవడానికి కనీసం 20 రోజుల నోటీసు ఇస్తారు. ఆ తర్వాత వేలానికి కనీసం 21 రోజుల ముందు ఇంకో నోటీసు ఇచ్చి, నెలలో మొదటి మంగళవారం నాడు కౌంటీ నిర్ణయించిన చోట పాట పాడేస్తారు. వేలం అయిపోయాక డబ్బు కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు అక్కడ మార్ట్‌గేజ్ వేలాలకు లేదు.

అందువల్ల ‘కోర్టులో సవాలు చేస్తాం’ అన్న మాటకు రాష్ట్రాన్ని బట్టి అర్థం మారిపోతుంది. న్యూజెర్సీలో దాని అర్థం మన మీద పడిన దావాకు జవాబు చెప్పుకోవడం. టెక్సస్‌లో అయితే మనమే వాదిగా మారి బ్యాంకు మీద దావా వేసి, వేలం తేదీకి ముందే జడ్జి దగ్గర తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ ఉత్తర్వు ఆయుష్షు 14 రోజులు, ఒకసారి పొడిగించుకోవచ్చు, దానికి జడ్జి చెప్పినంత బాండు కట్టాలి. ఈలోగా బ్యాంకు తరఫు లాయర్లు కేసును ఫెడరల్ కోర్టుకు మార్పించుకోవడం మామూలుగా జరిగే పనే. దావా వేసినంత మాత్రాన వేలం ఆగదు, ఉత్తర్వు వస్తేనే ఆగుతుంది. నేను ఫోను చేసిన ఐదు చోట్లలో ‘ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందండీ?’ అని మొదట అడిగినది ఒక్కచోట మాత్రమే. మిగిలిన నాలుగు చోట్ల మొదటి ప్రశ్న, అప్పు పోను ఇంటి మీద ఇంకా ఎంత విలువ మిగిలి ఉందని.

అన్నయ్య డబ్బు కట్టినది ‘ఫోరెన్సిక్ లోన్ ఆడిట్’ అనే సేవకు, అంటే లోను కాగితాల్లో తప్పులు వెతికిపెడతామనే సేవకు. దీన్నే కొందరు సెక్యూరిటైజేషన్ ఆడిట్ అని కూడా అమ్ముతారు. నాలుగో వాయిదా తప్పిన వారంలో ఇంటర్నెట్ ప్రకటన చూసి 1,495 డాలర్లు కట్టాడు. ఇరవై నాలుగు రోజులకు 46 పేజీల నివేదిక వచ్చింది. దాన్ని ఒక శనివారం మధ్యాహ్నం మేమిద్దరం భోజనాల బల్ల మీద పరచుకుని చదివాం. మొదటి 31 పేజీల్లో అప్పులను మూటలుగా కట్టి మదుపరులకు ఎలా అమ్ముతారో బాణాల గుర్తులతో బొమ్మలు వేసి ఉన్నాయి. అది ఎవరి లోనుకైనా సరిపోయే పాఠం. అన్నయ్య పేరు వచ్చిన ప్రతిచోటా అక్షరాల సైజు పక్క అక్షరాల కన్నా ఒక పిసరు పెద్దదిగా ఉంది, అంటే అచ్చుపోసిన వాక్యాల్లో పేరు మాత్రం తెచ్చి అతికించారన్నమాట. 34వ పేజీలో టెక్సస్ ఇంటి గురించి రాస్తూ కాలిఫోర్నియా సివిల్ కోడ్ సెక్షన్‌ను ఉదహరించారు. ఆ వాక్యం చూపించగానే అన్నయ్య కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ‘ఒరేయ్, వీడు మన కాగితాలు తెరవనైనా తెరవలేదురా’ అన్నాడు.

కాగితాలు తెరవకపోవడం కన్నా పెద్ద లోపం నివేదిక వాదనలోనే ఉంది. ప్రామిసరీ నోటు ఒక చోట, తాకట్టు దస్తావేజు ఇంకో చోట ఉన్నాయి, మధ్యలో మెర్స్ అనే ఎలక్ట్రానిక్ రిజిస్ట్రీ పేరు మీద బదలాయింపు జరిగింది, కాబట్టి ఫోర్‌క్లోజర్ చేసే హక్కు ఎవరికీ లేదు అన్నది దాని సారాంశం. వినడానికి ఎంతో ఇంపుగా ఉంటుంది. కానీ నోటు ఎవరి చేతికి వెళితే తాకట్టు కూడా వారి వెంటే వెళుతుందని అమెరికా సుప్రీంకోర్టు 1872లోనే, కార్పెంటర్ వర్సెస్ లాంగన్ కేసులో చెప్పింది. టెక్సస్ వరకు వస్తే, అసలు నోటు చేతిలో లేకపోయినా తాకట్టు హక్కు బదలాయింపు పొందినవారు, వారి తరఫున వాయిదాలు వసూలు చేసే సర్వీసరు వేలం వేయించవచ్చని, టెక్సస్ కూడా తన పరిధిలో ఉన్న ఐదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2013లో మార్టిన్స్ కేసులో తేల్చింది. అదే సంవత్సరం రైనేగల్ కేసులో, అప్పుల మూటకు సంబంధించిన ట్రస్టు ఒప్పందంలో పక్షం కాని రుణగ్రహీత ఆ ఒప్పందపు నిబంధనలు తప్పారంటూ వేలాన్ని ఆపలేడని చెప్పింది. అంటే ‘నోటు చూపించమని అడుగుదాం’ అన్న ఎత్తుగడ ఆ రాష్ట్రంలో పదేళ్లకు పైగా చెల్లని నాణెం. దాన్ని 1,495 డాలర్లకు అమ్ముతున్నారు.

నివేదిక చివర్లో ఉన్న ‘బ్రహ్మాస్త్రం’ ఇంకా విచిత్రమైనది. రుణ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మూడేళ్ల వరకు ఉంటుందని, ఉత్తరం రాసి పంపితే చాలునని 2015లో సుప్రీంకోర్టు జెసినోస్కీ కేసులో చెప్పిందని అందులో రాశారు. తీర్పు నిజమే. చెప్పాల్సిన వివరాలు రుణదాత సరిగా ఇవ్వకపోతే మూడు రోజుల రద్దు గడువు మూడేళ్ల దాకా సాగవచ్చు, ఆ లోగా ఉత్తరం పంపితే సరిపోతుంది. అయితే ఆ హక్కు రీఫైనాన్స్ వంటి రుణాలకే గానీ, ఇల్లు కొనడానికి తీసుకున్న మొదటి రుణానికి వర్తించదు. అన్నయ్యది ఇల్లు కొన్నప్పటి లోను. ఆడిట్ చేసినవారు అతని కాగితాల్లో మొదటి పేజీ చదివి ఉంటే ఈ అస్త్రాన్ని అంబులపొదిలోంచి తీసేవారే కాదు.

న్యాయంగా చెప్పాలంటే, బ్యాంకుల కాగితాలు ఎప్పుడూ సవ్యంగా ఉంటాయని నేను అనను. 2010లో పెద్ద సర్వీసర్ల దగ్గర ఉద్యోగులు చదవకుండానే వేల అఫిడవిట్ల మీద సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. దాని ఫలితంగా 2012లో ఐదు అతిపెద్ద సర్వీసర్లు ఫెడరల్ ప్రభుత్వంతోనూ 49 రాష్ట్రాల అటార్నీ జనరల్స్‌తోనూ 25 బిలియన్ డాలర్ల రాజీకి వచ్చాయి. 2011 జనవరిలో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఇబానేజ్ కేసులో, నోటీసు ఇచ్చేనాటికి తాకట్టు తమకు బదిలీ అయిందని నిరూపించుకోలేని బ్యాంకుల వేలాలు చెల్లవని తీర్పు ఇచ్చింది. 2016లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇవనోవా కేసులో, పూర్తిగా చెల్లని బదలాయింపు ఆధారంగా జరిగిన వేలాన్ని ఇంటి యజమాని ప్రశ్నించవచ్చని చెప్పింది. ఈ మూడింటినీ అమ్మకందారులు ఫోనులో గడగడా అప్పజెప్పగలరు. వారు చెప్పనిది ఒకటుంది. గెలిచినా అప్పు మాయమైపోదు. బ్యాంకు కాగితాలు సరిచేసుకుని మళ్లీ మొదలుపెట్టగలదు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా, ఈ ఆడిట్ల వల్ల లోన్ మాడిఫికేషన్ (లోను షరతులను మార్చి తేలిక చేయడం) గానీ మరే ఊరట గానీ దొరుకుతుందనడానికి ఆధారం లేదని, నిజమైన లాయరే ఆడిట్ చేసినా ఇదే మాటని ఎప్పుడో హెచ్చరించింది. ఆడిట్‌కు నేనిచ్చే మార్కులు సున్నా. అందులో ఒక్క వాక్యమైనా ఏ కోర్టులోనూ దాఖలు కాలేదు, దాఖలు చేయడానికి పనికివచ్చేదీ కాదు.

ఆడిట్ అందిన మర్నాడే అదే సంస్థ నుంచి ఫోను వచ్చింది. ‘నివేదికలో చాలా తీవ్రమైన ఉల్లంఘనలు దొరికాయి, ఇక మా అనుబంధ లా ఆఫీసు చూసుకుంటుంది’ అన్నారు. ముందుగా 3,000 డాలర్లు, తర్వాత నెలకు 850. ఇది రెండో రకం సేవ, నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఒప్పందం 11 పేజీలు. రెండో పేజీలో ‘ఫోర్‌క్లోజర్ రక్షణ’ అని లావు అక్షరాల్లో ఉంది. తొమ్మిదో పేజీలో, సన్నని అక్షరాల్లో, ఈ రుసుములో కోర్టులో హాజరు కావడం, నిషేధపు ఉత్తర్వు కోరడం, అప్పీలు చేయడం కలిసి లేవు, వాటికి విడిగా ఒప్పందం రాసుకోవాలి అని ఉంది. మరి నెలకు 850 దేనికి? అడిగితే, ‘కేసు సమీక్ష, పత్రాల తయారీ, సర్వీసరుతో సంప్రదింపులు’ అన్నారు. సంతకం పెట్టే లాయరు ఎక్కడ లైసెన్సు పొందారని అడిగితే ఫ్లోరిడా అన్నారు. టెక్సస్‌లో? ‘అక్కడ మాకు నెట్‌వర్క్ ఉందండీ.’ ఆ నెట్‌వర్క్‌లో ఒక్క పేరు చెప్పమని అడిగాను. సూపర్‌వైజరు ఫోను చేస్తారన్నారు, ఇంతవరకు చేయలేదు.

ఇక్కడ తెలుసుకోవలసిన నియమం ఒకటుంది. మార్ట్‌గేజ్ సహాయ సేవలపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లో నిబంధన తెచ్చింది, ఇప్పుడది వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ పరిధిలో రెగ్యులేషన్ ‘ఓ’ పేరుతో ఉంది. దాని ప్రకారం రుణదాత నుంచి రాతపూర్వకమైన ఆఫరు తెచ్చి, దాన్ని మనం ఒప్పుకుని సంతకం పెట్టేదాకా ఇలాంటి సంస్థ ఒక్క డాలరు తీసుకోకూడదు. సర్వీసరుతో మాట్లాడవద్దని మనకు చెప్పకూడదు. వాయిదాలు ఆపమని సలహా ఇస్తే, ఇల్లు పోవచ్చు, క్రెడిట్ దెబ్బతినవచ్చు అని కూడా స్పష్టంగా చెప్పి తీరాలి. లాయర్లకు ఇందులో మినహాయింపు ఉంది, కానీ షరతులతో: మనం ఉన్న రాష్ట్రంలోనో, ఇల్లున్న రాష్ట్రంలోనో లైసెన్సు ఉండాలి, ముందస్తు రుసుమును క్లయింట్ల డబ్బు విడిగా ఉంచే ట్రస్టు ఖాతాలో ఉంచి, చేసిన పనికి తగ్గట్టు మాత్రమే తీసుకోవాలి. కాలిఫోర్నియా అయితే 2009లో లోన్ మాడిఫికేషన్ పనికి లాయర్లు కూడా ముందుగా డబ్బు తీసుకోకూడదని నిషేధించింది. కొన్ని సంస్థలు తమ కాల్ సెంటరు మీద ఎవరో ఒక లాయరు పేరును గొడుగులా పట్టుకోవడానికి అసలు కారణం ఈ మినహాయింపే. రాష్ట్ర బార్ వెబ్‌సైటులో లాయరు పేరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది, ఖర్చేమీ లేదు.

మేము మాట్లాడిన ఐదింటిలో మూడు సంస్థలు సర్వీసరు ఫోన్లు ఎత్తవద్దని చెప్పాయి. ‘మీరు మాట్లాడితే కేసు పాడవుతుంది’ అన్నది వారి మాట. వాస్తవంలో పాడైనది కేసు కాదు, గడువు. 2014 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నియమాల ప్రకారం, కాపురముంటున్న ఇంటి లోను 120 రోజులకు మించి బకాయి పడితే గానీ సర్వీసరు ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు. వేలం తేదీకి 37 రోజులకు మించి ముందుగా, లోను మార్పు వంటి ఊరట కోరుతూ మనం పెట్టే దరఖాస్తు అన్ని పత్రాలతో సహా సర్వీసరుకు చేరితే, దాన్ని తేల్చకుండా వేలం జరపకూడదు. వేలానికి 45 రోజులు, అంతకంటే ఎక్కువ సమయం ఉండగా దరఖాస్తు చేరితే, పూర్తిగా ఉందో లేదో, ఏ పత్రం లోటో ఐదు పనిదినాల్లో రాతపూర్వకంగా చెప్పాలి. ఇప్పుడు దీన్ని టెక్సస్ లెక్కతో పోల్చి చూడండి: వేలం నోటీసు 21 రోజుల ముందు వస్తే చాలు. అంటే తేదీ చూసి ఉలిక్కిపడి దరఖాస్తు పెట్టేవాడికి 37 రోజుల రక్షణ అప్పటికే చేజారిపోయి ఉంటుంది. తేదీ ఖరారు కాకముందు, 120 రోజుల లోపలే పూర్తి దరఖాస్తు చేర్చినవాడికే దాని పూర్తి బలం దక్కుతుంది. అన్నయ్య ఆడిట్ కోసం ఎదురుచూసిన ఇరవై నాలుగు రోజులు సరిగ్గా ఆ వ్యవధిలోవే. పోయిన 1,495 డాలర్ల కన్నా నాకు ఆ రోజులే ఎక్కువ బాధ కలిగించాయి. (అద్దెకిచ్చిన రెండో ఇంటికి ఈ రక్షణ వర్తించదు. మనవాళ్లలో రెండు మూడు ఇళ్లు కొన్నవారు తక్కువేమీ కాదు కాబట్టి చెబుతున్నాను.)

వేలం నోటీసు కౌంటీ క్లర్కు దగ్గర దాఖలై కోర్టు గోడకెక్కిన తర్వాత అన్నయ్య పోస్టు డబ్బా నిండిపోయింది. ఆ పత్రం ఎవరైనా చూడగలిగేది కనుక, దాన్ని చూసి చిరునామాలు ఏరుకుంటారు. కొన్ని కవర్లు గవర్నమెంటు ఉత్తరాల్లా గద్ద ముద్రతో వచ్చాయి. వాటిలో ఒకటి, ఇంటి దస్తావేజు తమ పేరిట రాసిస్తే ‘కోర్టు వ్యవహారం’ అంతా తామే చూసుకుని, ఇల్లు తిరిగి మనకే అద్దెకు ఇస్తామని. అప్పు మన మెడకు, ఆస్తి వాళ్ల చేతికి. దీని గురించి రెండో వాక్యం రాయనక్కర్లేదు.

ఇంకొకరు ‘299 డాలర్లకు వేలం రేపే ఆపుతాం’ అన్నారు. అంటే మన పేరిట దివాలా పిటిషను పడేయడం. దివాలా చట్టంలోని చాప్టర్ 13 నిజంగానే బలమైన మందు: వేలం పాట ముగిసేలోగా దాఖలైతే, మామూలుగా అదే క్షణం నుంచి వేలం ఆగిపోతుంది, బకాయిని మూడు నుంచి ఐదేళ్లలో కట్టుకునే ప్రణాళిక వేసుకోవచ్చు. అయితే దానికి క్రమమైన ఆదాయం ఉండాలి, దాఖలుకు ముందే క్రెడిట్ కౌన్సెలింగ్ పూర్తి చేసి ఉండాలి. పత్రాలు, ప్రణాళిక లేకుండా ఉత్త పిటిషను వేస్తే కొద్ది వారాల్లో కొట్టివేస్తారు. ఏడాదిలోపు రెండోసారి వేస్తే రక్షణ 30 రోజులకు కుదించుకుపోతుంది, రెండు కొట్టివేతల తర్వాత మూడోసారి వేస్తే దానంతటది రానే రాదు. 299 డాలర్లకు కొనేది ఆ మందులో మొదటి మోతాదును నేలపాలు చేయడమే.

ఇప్పుడు పనికొచ్చినవాటి సంగతి. గృహ, పట్టణాభివృద్ధి శాఖ ఆమోదించిన హౌసింగ్ కౌన్సెలర్లు ఫోర్‌క్లోజర్ విషయంలో డబ్బు తీసుకోరు; 888-995-4673 నంబరుకు చేస్తే కలుపుతారు. మాకు దొరికిన ఆవిడ మొదటి అపాయింట్‌మెంట్ తొమ్మిది రోజుల తర్వాత ఇచ్చారు, అది ఆ పరిస్థితిలో యుగంలా అనిపించింది. ఫోను మీద వెయిటింగ్ సంగీతం మాకు కంఠతా వచ్చేసింది. కానీ ఆవిడ మొదటి పావుగంటలోనే కనిపెట్టిన విషయం: సర్వీసరు దగ్గర అన్నయ్య దరఖాస్తు అంటూ ఏదీ లేదు. ఆడిట్ సంస్థ ‘పంపించేశాం’ అన్నది ఒట్టి మాట. జీతం పత్రాలు, రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, కష్టానికి కారణం వివరించే ఉత్తరం, ఒక్కొక్కటీ ఆవిడ పేరు పెట్టి అడిగి, అదే రోజు పంపించారు. మార్కులు ఐదుకు నాలుగున్నర. ఆ అర తగ్గించింది తొమ్మిది రోజుల నిరీక్షణకు.

అదే వారంలో ఆ కౌంటీలోనే ప్రాక్టీసు చేస్తున్న వినియోగదారుల లాయరును గంటకు 350 డాలర్లిచ్చి కలిశాం. ఆయన 46 పేజీల నివేదికను చేత్తో పక్కకు జరిపి, నాలుగు కాగితాలే అడిగారు: నోటు, తాకట్టు దస్తావేజు, రెండు నోటీసులు, అవి వచ్చిన కవర్లు. కవర్ల మీది తపాలా ముద్ర తేదీల నుంచి 20 రోజులు, 21 రోజులు వేళ్ల మీద లెక్కపెట్టారు. ‘నోటీసుల్లో లోపం లేదు. ఉంటే రేపే దావా వేసేవాడిని. లేనప్పుడు మీ దగ్గర ఐదువేలు తీసుకుని దావా వేయడం నాకు ఇష్టం లేదు’ అన్నారు. కొత్త ఉద్యోగపు ఆఫరు లెటరు వచ్చి ఉంటే దాన్ని జతచేసి, వేలాన్ని వాయిదా వేయమని సర్వీసరును కోరమన్నారు, అదీ కుదరకపోతే సోమవారం సాయంత్రంలోగా చాప్టర్ 13కు అవసరమైన కాగితాలు సిద్ధంగా ఉంచుకోమన్నారు. ఈ సేవకు నాలుగు మార్కులు. డబ్బు ఖర్చయింది, కానీ మూడు నెలల్లో ‘ఈ దావా వద్దు’ అని మాకు చెప్పిన మొదటి మనిషి ఆయనే. ఆదాయం తక్కువైనవారికి ఇదే పని ఉచితంగా చేసే లీగల్ ఎయిడ్ కార్యాలయాలు ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నాయి. ముందు అక్కడ అడగడం మంచిది.

అన్నయ్యకు ఆఫరు లెటరు వేలానికి ఎనిమిది రోజుల ముందు వచ్చింది. సర్వీసరు వేలాన్ని తర్వాతి నెల మొదటి మంగళవారానికి వాయిదా వేసింది. 37 రోజుల గడువు దాటిపోయాక అలా చేయాల్సిన బాధ్యత దానికి లేదు, కనుక ఇది హక్కుగా దొరికినది కాదు, దయగా దొరికినది. ఆ నెలలో దరఖాస్తు పూర్తయి, బకాయిని లోను చివరికి మార్చే మాడిఫికేషన్ వచ్చింది. ఆడిట్ సంస్థ మీద రాష్ట్ర అటార్నీ జనరల్‌కూ, వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థకూ ఫిర్యాదులు పెట్టాం. 1,495 డాలర్లలో ఇంతవరకు ఏదీ తిరిగి రాలేదు. పోయిన నెల అన్నయ్య ఆ ఆడిట్ సంస్థ పాత నంబరుకు ఫోను చేస్తే అదే గొంతు ఎత్తింది, సంస్థ పేరు మాత్రం వేరేది చెప్పింది.